‘వర్తూరు కోడి’ అంటే ఏ కోడి? మన ఇళ్ల పైనున్న మట్టి కట్టల సంగతి

వైట్‌ఫీల్డ్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు బస్సు బోర్డు మీద ‘వర్తూరు కోడి’ అన్న పేరు చూసి ఒకసారి నవ్వుకోవడం మామూలే. ఆ కోడికీ మనం కూర వండుకునే కోడికీ సంబంధం లేదు. చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పొర్లిపోయే చోటును కన్నడంలో ‘కోడి’ అంటారు. దాన్నే మనం తెలంగాణలో మత్తడి, అలుగు అంటాం. నెల్లూరు వైపు కలుజు అంటాం. అనంతపురం, చిత్తూరు వైపు మరవ, మొరవ అంటాం. వర్తూరు చెరువు నిండితే నీళ్లు పోయే దారి అది. ఆ దారి పేరే ఊరి పేరు, బస్టాపు పేరు, ఇప్పుడు ట్రాఫిక్ జామ్ పేరు కూడా అయింది.

పేరు మిగిలింది కానీ దాని అర్థం మనలో చాలామందికి తెలియదు. తెలియకపోతే నష్టమేమిటో 2022 సెప్టెంబరులో చూశాం. 4వ తేదీ రాత్రి మొదలైన వాన 24 గంటల్లో నగరంలో 131.6 మిల్లీమీటర్లు నమోదైంది. బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు, వర్తూరు చుట్టుపక్కల లేఅవుట్లు మునిగాయి. కోట్ల విలువ చేసే విల్లాల్లోంచి మనుషుల్ని పడవల్లో బయటికి తెచ్చారు. ఆఫీసుకు పోవాల్సినవాళ్లు ట్రాక్టర్లెక్కారు. వైట్‌ఫీల్డ్ పక్కనే సిద్దాపురలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద కరెంటు షాక్ తగిలి 23 ఏళ్ల అమ్మాయి చనిపోయింది.

ఆ తర్వాత ప్రతి వానాకాలం ముందూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: “ఇన్ని చెరువులుండి కూడా ఎందుకు మునుగుతున్నాం?” దానికి సమాధానం చెరువులో కన్నా చెరువు కట్టలో ఎక్కువ దొరుకుతుంది. మట్టితో కట్టిన ఆ చిన్న ఆనకట్ట ఎప్పుడు మనల్ని కాపాడుతుంది, ఎప్పుడు కాపాడలేదు, ఎప్పుడు అదే ప్రమాదంగా మారుతుంది? ఈ మూడు సంగతులు తెలుసుకుంటే మనం ఉంటున్న చోటును వేరే కళ్లతో చూస్తాం.

రెండు పినాకినుల మధ్య

బెంగళూరు ఏ పెద్ద నది ఒడ్డునా లేదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఒక మిట్ట మీద ఉంది. మిట్ట మీద పడ్డ వాన నాలుగు వైపులా జారిపోతుంది. జారే దారిలో పూర్వీకులు అడ్డంగా మట్టి కట్టలు వేసి చెరువులు చేశారు. పై చెరువు నిండి కోడి పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కింది దానికి పోతాయి. దీన్నే గొలుసుకట్టు చెరువులంటాం.

కోరమంగళ–చల్లఘట్ట లోయ నీళ్లు బెళ్లందూరు చెరువుకు వస్తాయి. అక్కడి నుంచి వర్తూరు చెరువుకు చేరతాయి. కుందలహళ్లి వైపు నీళ్లూ చివరికి వర్తూరుకే. వర్తూరు కోడి దాటిన నీళ్లు దక్షిణ పినాకినిలో కలుస్తాయి. ఆ నది హోసూరు పక్కన కెలవరపల్లి ఆనకట్ట మీదుగా, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లా గుండా సాగి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

దక్షిణ పినాకిని ఉందంటే ఉత్తర పినాకిని కూడా ఉండాలి కదా. అదే మన పెన్న. రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టాయి. ఒకటి అనంతపురం, కడప, నెల్లూరు చూసుకుంటూ పోయింది, రెండోది మన వైట్‌ఫీల్డ్ పక్కగా దక్షిణానికి తిరిగింది. అందుకే ఈ కట్టల సంగతి మనకు పరాయిది కాదు. మాటల్లో మాత్రమే తేడా.

కన్నడ మాట, తెలుగు మాట

వైట్‌ఫీల్డ్‌లో చెరువు గురించి ఎవరితోనైనా మాట్లాడాలంటే ఈ మాటలు తెలిసుండాలి.

కెరె అంటే చెరువు. ఏరి అంటే చెరువు కట్ట. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. మనకు ఏరు అంటే వాగు, తమిళంలో ఏరి అంటే చెరువే, కన్నడంలో మాత్రం ఏరి అంటే కట్ట. తూబు అంటే తూము. కోడి అంటే అలుగు. హూళు అంటే పూడిక. రాజకాలువె అంటే ఒక చెరువు నీళ్లను ఇంకో చెరువుకు మోసుకుపోయే పెద్ద కాలువ. నీరుగంటి అంటే తూము తీసి మూసే మనిషి, మన ఊళ్లలో నీరటి, నీరుగట్టు అని పిలిచే మనిషి.

కట్ట అంటే మట్టి కుప్ప కాదు

దూరం నుంచి చూస్తే కట్ట మట్టి దిబ్బలాగే ఉంటుంది. ఈ రోజుల్లో దాని మీద వాకింగ్ ట్రాక్ వేసి, బెంచీలు పెట్టి, గడ్డి పెంచుతారు కాబట్టి పార్కులో భాగంలా కనిపిస్తుంది. నిజానికి అది లెక్క ప్రకారం కట్టిన నిర్మాణం.

మట్టి కట్టకు ఉండాల్సిన గుణాలు రెండు. నీళ్లను ఆపాలి, తన బరువుతో తాను నిలబడాలి. నీళ్లను ఆపడానికి నడిమి భాగంలో జిగురు మట్టి వేస్తారు. నిలబడటానికి దానికి రెండు పక్కలా మొరం, ఎర్రమట్టి వేస్తారు. ఒక పొర పోయడం, తడపడం, గట్టిగా దిమ్మెస వేయడం, మళ్లీ ఇంకో పొర పోయడం, ఇలా అడుగడుగునా పైకి లేపుతారు. ఒకప్పుడు పశువుల్ని తోలి తొక్కించేవారు, ఇప్పుడు రోలర్లు తొక్కుతున్నాయి. పని ఒకటే, మట్టి కణాల మధ్య గాలి లేకుండా చేయడం.

నీటి వైపు వాలుకు రాయి పరుస్తారు. అలలు తాకినా మట్టి కోసుకుపోకుండా ఆ రాతి పరుపు, మన ఇంజనీర్లు రివిట్‌మెంట్ అనేది, కాపాడుతుంది. బయటి వైపు వాలు మీద గడ్డి పెంచుతారు. చెట్లు మాత్రం ఉండకూడదు. చెట్టు వేరు లోపలికి పోతుంది, చెట్టు చచ్చాక వేరు కుళ్లి ఆ చోట సన్నటి సొరంగం మిగులుతుంది. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల బొక్కలు చేసేదీ అదే పని.

ఈ పని చేసిన చేతుల్లో తెలుగు మాట్లాడే చేతులు చాలా ఉన్నాయి. దక్షిణ భారతమంతటా చెరువులు తవ్వి కట్టలు కట్టిన వడ్డెరలు కర్ణాటకలో మన్ను వడ్డరులు, కల్లు వడ్డరులు అన్న పేర్లతో ఉన్నారు. భోవి అని కూడా పిలుస్తారు. మన్ను వడ్డరులది మట్టి పని, కల్లు వడ్డరులది రాతి పని. వారిలో చాలామంది ఇంట్లో ఇప్పటికీ ఒక రకమైన తెలుగే మాట్లాడతారు. బెంగళూరుకు తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చారని ఎవరైనా అంటే, వారి కన్నా ఎన్నో తరాల ముందు పారతో, తట్టతో వచ్చినవాళ్లున్నారని చెప్పాలి.

మీటరు ఖాళీ విలువెంత?

చెరువును ముఖ్యంగా సాగు నీటి కోసం కట్టారు. వరద ఆపడం దానికి రెండో పని. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో కట్ట కింద వరిమళ్లు లేవు, అపార్ట్‌మెంట్లున్నాయి. కాబట్టి ఆ రెండో పనే మొదటిదైంది. పేరు ఏదైనా, ఈ కట్టలన్నీ ఇవాళ వరద నివారణకు ఉన్న చిన్న మట్టి ఆనకట్టలే.

ఎంత వరద ఆపగలవో లెక్కేద్దాం. ఒక చదరపు కిలోమీటరు మేర 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్ల నీళ్లు. మట్టి నేలైతే అందులో మంచి భాగం ఇంకిపోతుంది. కాంక్రీటు, తారు పరిచిన నేల మీద నూటికి 80 వంతులు పారిపోతాయనుకుంటే 8 కోట్ల లీటర్లు. మన అపార్ట్‌మెంట్లకు వచ్చే 12 వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే దాదాపు 6,600 ట్యాంకర్లు. అవన్నీ ఒకే రాత్రి ఒకే కాలువలోకి వదిలినట్టు.

ఇప్పుడు 20 ఎకరాల చెరువు ఒకటి తీసుకోండి. అందులో నీటిమట్టం కోడి కన్నా ఒక్క మీటరు కిందికి ఉంటే, ఆ ఖాళీలో పట్టే నీళ్లు దాదాపు 8 కోట్ల లీటర్లు. అంటే ఒక మీటరు ఖాళీ ఉన్న 20 ఎకరాల చెరువు, ఒక చదరపు కిలోమీటరు మీద పడ్డ అంత పెద్ద వానను మొత్తంగా మింగేయగలదు. కింది రోడ్డు మీదికి చుక్క రాదు.

అదే చెరువు కోడి దాకా నిండి ఉందనుకోండి. పై నుంచి వచ్చిన నీళ్లు కాస్త ఆలస్యంగా, కాస్త నెమ్మదిగా, కానీ దాదాపు మొత్తం కిందికే పోతాయి. కట్ట అదే, చెరువు అదే, వాన అదే. తేడా అంతా ఆ ఒక్క మీటరులో ఉంది.

మేము ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. వరదను ఆపేది చెరువులోని నీళ్లు కాదు, చెరువులోని ఖాళీ.

ఆ ఖాళీ ఎక్కడికి పోయింది?

పాత రోజుల్లో ఖాళీ దానంతట అదే ఏర్పడేది. వానాకాలంలో నిండిన చెరువు నీళ్లను తూము తీసి పొలాలకు పెట్టేవారు. ఎండాకాలం వచ్చేసరికి చెరువు అడుగు కనిపించేది. రైతులు పూడిక మట్టి బండ్లకెత్తుకుని పొలాలకు తోలుకునేవారు. మళ్లీ వాన వచ్చేనాటికి చెరువు ఖాళీగా, లోతుగా ఎదురుచూసేది.

ఇప్పుడు మూడు మారాయి. మొదటిది, పొలాలు పోయాయి, తూముకు పని లేదు. చాలా చోట్ల తూము పూడుకుపోయింది. రెండోది, మురుగు. బెళ్లందూరు, వర్తూరు లాంటి చెరువుల్లోకి ఏళ్ల తరబడి ఇళ్ల మురుగు నీళ్లు వచ్చాయి. మురుగుకు కాలం లేదు, మే నెలలోనూ వస్తుంది, చెరువు ఏడాది పొడవునా నిండే ఉంటుంది. 2015లోనూ, ఆ తర్వాతా వర్తూరు కోడి దగ్గర రోడ్డు మీదికి ఎగిరొచ్చిన తెల్లటి నురగ అందరికీ గుర్తుండే ఉంటుంది. అది కనిపించిన కష్టం. ఏడాదంతా నిండి ఉన్న చెరువులో వరదకు చోటు లేకపోవడం కనిపించని కష్టం. మూడోది పూడిక. అడుగున చేరిన బురద చెరువు లోతును తినేస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల తర్వాత బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లో నీళ్లు తీసి పూడిక తవ్వే పని పెట్టుకున్నది అందుకే.

నాలుగో కారణం కూడా ఉంది, అది మనమే. చెరువు నిండుగా ఉంటే చూడటానికి బాగుంటుంది. ‘లేక్ వ్యూ’ అని చెప్పి ఫ్లాటు ధర పెంచుతారు. నీళ్లు తగ్గితే చెరువు చచ్చిపోతోందని ఫిర్యాదు చేస్తాం. చేపలకు, పక్షులకు, బోర్లకు కొంత నీళ్లు ఉండాల్సిందే. కానీ వానాకాలం ముందు కోడికి ఒక మీటరు కిందికి నీళ్లు దించితే దాన్ని నష్టంగా కాక బీమాగా చూడటం నేర్చుకోవాలి. 2022 వరదల తర్వాత నగరంలోని చెరువులకు తూము గేట్లు పెట్టాలన్న ఆలోచన ముందుకొచ్చింది కూడా ఇందుకే.

అమెరికాలో ఈ పనికే ప్రత్యేకంగా చిన్న మట్టి ఆనకట్టలు కట్టారు. 1940ల చివరి నుంచి, మరీ ముఖ్యంగా 1954 నాటి వాటర్‌షెడ్ చట్టం కింద, అక్కడి వ్యవసాయ శాఖ సాయంతో 11 వేలకు పైగా కట్టారు. వాటి పద్ధతి సులభం. లోపల నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. వరద వచ్చినప్పుడు నీళ్లు దాంట్లోంచి మెల్లగా, కొన్ని రోజుల పాటు బయటికి పోతాయి. తర్వాతి వానకు చోటు మళ్లీ సిద్ధంగా ఉంటుంది. టెక్సాస్‌లో అలాంటివి దాదాపు 2 వేలున్నాయి. మన బంధువులు, స్నేహితులు ఎక్కువగా ఉండే డల్లాస్ ఉత్తర శివార్లలోనూ ఉన్నాయి. అక్కడా ఇదే చిక్కు. పొలాల్ని కాపాడటానికి కట్టిన కట్టల కింద ఇప్పుడు ఇళ్లొచ్చాయి. కట్ట మారకపోయినా, కింద మనుషులు చేరగానే దాని ప్రమాద స్థాయి పెరిగినట్టే అక్కడి అధికారులు లెక్కిస్తారు. ఈ మాట వైట్‌ఫీల్డ్‌కు అచ్చంగా సరిపోతుంది.

కట్ట ఎలా తెగుతుంది?

మట్టి కట్టకు ప్రధానంగా రెండు చావులు. ఒకటి పై నుంచి, రెండోది లోపలి నుంచి.

పై నుంచి అంటే, కోడి గుండా పోవాల్సిన నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. కాంక్రీటు ఆనకట్ట కొంతసేపు తట్టుకుంటుంది. మట్టి తట్టుకోదు. బయటి వాలు మీద జారే నీళ్లు మట్టిని కోస్తాయి, కోసిన చోట లోతు పెరుగుతుంది, లోతు పెరిగిన చోటికే ఇంకా నీళ్లు వస్తాయి. కాసేపట్లోనే గండి పడుతుంది. అందుకే కట్ట పైభాగం కోడి కన్నా ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు తేడానే కట్టకు ప్రాణం. కోడిని ఇరుకు చేసినా, కోడి కింద కాలువను కబ్జా చేసినా, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త కోడికి అడ్డంపడినా నీటిమట్టం ఆ తేడాను తినేస్తూ పైకి లేస్తుంది.

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాటి ఉదయం కడప జిల్లా రాజంపేట దగ్గర జరిగింది ఇదే. పైన ఉన్న పింఛా ప్రాజెక్టు మట్టి కట్ట ముందు కొట్టుకుపోయింది. ఆ నీళ్లన్నీ కింద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. దానికి ఐదు గేట్లుంటే ఒకటి పని చేయలేదు. నీళ్లు మట్టి కట్ట మీదుగా పొర్లాయి, కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు నీళ్లలో కలిశాయి. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. చెయ్యేరు కలిసేది పెన్నలో, అంటే ఉత్తర పినాకినిలో. గొలుసులో పై కట్ట తెగితే కింది కట్ట తన నీళ్లతో పాటు పై చెరువు నీళ్లనూ మోయాల్సి వస్తుందన్న పాఠం మాత్రం దక్షిణ పినాకినికీ వర్తిస్తుంది.

లోపలి నుంచి అంటే బుంగ. ఏ మట్టి కట్టయినా కొంత ఊరుతుంది. కట్ట పాదం దగ్గర తేమ, సన్నటి ఊట కనిపించినంత మాత్రాన భయపడక్కర్లేదు. చూడాల్సింది నీటి రంగు. తేటగా వస్తే నీళ్లు మాత్రమే వస్తున్నాయి. మట్టి రంగులో వస్తే నీళ్లు తమతో కట్టనే మోసుకొస్తున్నాయి. లోపల సన్నటి గొట్టంలా దారి పడింది, అది వెడల్పవుతూ వెనక్కి, చెరువు వైపు పాకుతుంది. చెరువును తాకిన క్షణం కట్ట కుంగుతుంది.

రాజంపేట విషాదం జరిగిన ఆ వారంలోనే తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు బుంగ పడింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే పెద్ద చెరువది. కింది ఊళ్ల జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలతో, కంకరతో కట్టను బలపరిచారు. కట్ట నిలిచింది. రెండు ఘటనలకూ వాన ఒకటే, మట్టి కట్టే. రాయలచెరువు దగ్గర బుంగను చూసినవాళ్లున్నారు, చూశాక కదిలినవాళ్లున్నారు, కదలడానికి సమయం దొరికింది.

బుంగను ఆపే పద్ధతి కూడా తెలుసుకోవాల్సిందే. బయటి వైపు రంధ్రానికి గుడ్డలో, సిమెంటో కుక్కి మూసేస్తే నీళ్లు ఇంకో చోట దారి వెతుక్కుంటాయి. అందుకే రంధ్రం చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గోడ లేపుతారు, లోపల ముందు ఇసుక, దాని మీద కంకర పోస్తారు. నీళ్లను రానిస్తారు, మట్టిని రానివ్వరు. ఇది ఇంజనీర్ల పర్యవేక్షణలో జరగాల్సిన పని. మన వంతు పని, చూసి వెంటనే చెప్పడం.

ఈ రెండిటికీ తోడు మూడోది మనిషి చెయ్యి. 2019 నవంబరు 24, ఆదివారం బెంగళూరు దక్షిణాన హుళిమావు చెరువు కట్టకు గండి పడి వందల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కట్ట దగ్గర జరిగిన తవ్వకమే కారణమన్న మాట ఆనాడు గట్టిగా వినిపించింది. కట్టలో పైపు కోసమో కేబుల్ కోసమో తవ్వి, తర్వాత వదులుగా మట్టి పోసి వదిలేస్తే అది కట్టకు చేసిన గాయమే. పైకి మానినట్టు కనిపించినా లోపల మానదు.

650 ఏళ్ల కిందటి పరీక్ష

మంచి చెరువు ఎలా ఉండాలో మనవాళ్లు రాతి మీద చెక్కి పెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన అనంతరాజ సాగరం దగ్గర 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని జరిగిందని అందులో ఉంది. చెరువుకు కావాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా ఉన్నాయి.

ఆ ఆరు దోషాలు ఇవి: కట్ట ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేలు వీపులా నేల లేచి ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

వీటితో ఇవాళ్టి వైట్‌ఫీల్డ్‌ను పరీక్షించి చూడండి. చెరువు నడుమ లేచిన నేలంటే మన పూడిక దిబ్బలే. నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడమంటే, కాంక్రీటు పరిచి వాననంతా కాలువలోకి తోలి, చెరువును మాత్రం అంచుల నుంచి కొరుక్కుంటూ పోవడమే. సరిహద్దు దోషం మరీ ఆశ్చర్యం. ఇప్పుడు రెండు రాజ్యాలు లేవు. కానీ చెరువు ఒకరి చేతిలో, మురుగు పైపు జలమండలి చేతిలో, భూమి రికార్డు రెవెన్యూ చేతిలో ఉంటాయి. ఎవరి హద్దు ఎక్కడో తేలేలోపు వాన వచ్చేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు నీరుగంటి. వాన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద నడిచి, ఎక్కడ ఊరుతోందో చూసి, తూము ఎప్పుడు తీయాలో నిర్ణయించే మనిషి ప్రతి చెరువుకూ ఒకరుండేవారు. ఊరు ఆయనకు ధాన్యం ఇచ్చి పోషించేది. ఊరు నగరమయ్యాక ఆ కొలువు పోయింది. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని మన దగ్గర కథ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యంగా రాశారు. ముసలమ్మ లాంటి త్యాగం ఎవరూ చేయాల్సిన అవసరం రాకూడదంటే, ఊరికి కావాల్సింది ఒక నీరుగంటి.

కట్ట కింద ఉంటున్నారా?

మీ ఇల్లు ఏదైనా చెరువు కట్టకు దిగువన ఉందో లేదో ముందు తెలుసుకోండి. చెరువు పక్కన ఉండటం వేరు, కట్ట కింద ఉండటం వేరు. కర్ణాటక సర్వే శాఖ వారి దిశాంక్ యాప్‌లో మీ సర్వే నంబరు, చుట్టూ ఉన్న చెరువు, కాలువ భూములు కనిపిస్తాయి. ఇల్లు కొనేముందు బ్రోచర్ కన్నా దీన్ని ముందు చూడాలి. పాత గ్రామ పటంలో రాజకాలువె ఎటు పోయిందో, ఇవాళ అదే చోట ఏముందో పోల్చి చూడాలి. 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం చెరువుకు 30 మీటర్లు, రాజకాలువల్లో పెద్దవాటికి 50, మధ్యవాటికి 25, చిన్నవాటికి 15 మీటర్లు వదలాలని పెట్టారు. 2016లో హరిత ట్రిబ్యునల్ చెరువులకు దాన్ని 75 మీటర్లకు పెంచింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది. చట్టం ఎంత దూరమన్నా, నీళ్లు తమ పాత దారి మర్చిపోవు.

కట్ట మీద రోజూ వాకింగ్ చేసేవాళ్లు నాలుగు గమనించండి. కట్ట పైభాగంలో పొడవునా బీటలు. ఒకచోట కొత్తగా కుంగినట్టుండటం. బయటి వైపు పాదం దగ్గర మట్టి రంగు నీళ్లు. కోడి దగ్గర చెత్త, గోడ, కొత్తగా పోసిన మట్టి. వీటిలో ఏది కనిపించినా ఫొటో తీసి, చోటు రాసి నగరపాలిక హెల్ప్‌లైన్ 1533కు చెప్పండి. ప్రాణాపాయం అనిపిస్తే 112. నీళ్లలో కరెంటు స్తంభం, తీగ కనిపిస్తే బెస్కాం 1912. నిలిచిన నీళ్లలో నడుస్తూ స్తంభం పట్టుకోవద్దు, పిల్లల్ని పట్టుకోనివ్వొద్దు.

చెప్పేటప్పుడు ఒక్క వాక్యం కన్నడంలో చెబితే పని త్వరగా అవుతుంది. “కెరె ఏరియల్లి నీరు సోరుత్తిదె” అంటే చెరువు కట్టలో నీళ్లు ఊరుతున్నాయని. “ఏరి ఒడెదిదె” అంటే కట్ట తెగిందని. “కోడి బిద్దిదె” అంటే కోడి పడిపోయిందని కాదు. చెరువు నిండి అలుగు పారుతోందని. అది శుభవార్త కూడా, హెచ్చరిక కూడా. శుభవార్త చెరువుకు, హెచ్చరిక కింద ఉన్నవాళ్లకు.

అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో క్లబ్‌హౌస్ గురించి, పార్కింగ్ గురించి గంటలు మాట్లాడుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క సమావేశంలో మూడు ప్రశ్నలు వేసుకుందాం. మన పైనున్న చెరువులో ఇప్పుడు కోడికి ఎంత కిందికి నీళ్లున్నాయి? తూము పని చేస్తోందా? కోడి నుంచి కింది చెరువు దాకా కాలువ తెరిచే ఉందా? సమాధానం తెలియకపోతే వార్డు ఇంజనీరును రాతపూర్వకంగా అడగొచ్చు. కైకొండ్రహళ్లి చెరువు పదిహేనేళ్ల కిందట మళ్లీ బతికిందంటే చుట్టుపక్కలవాళ్లు ఇలాంటి ప్రశ్నలు వదలకుండా అడగడం వల్లే.

ఈసారి వర్తూరు కోడి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బస్సు కిటికీలోంచి ఒకసారి చెరువు వైపు చూడండి. నీళ్లు అంచు దాకా ఉన్నాయా, మీటరు కిందికి ఉన్నాయా? ఆ మీటరు మీద ఎన్ని ఇళ్లు ఆధారపడి ఉన్నాయో ఇప్పుడు మీకు తెలుసు.